కొత్తగా తేలిన మైలోమా: బోర్టెజోమిబ్ కాంబినేషన్ మొదలైన పేషెంట్‌కి ఇచ్చే తెలుగు కార్డులో ఏమేం రాయాలి?

గుంటూరు ఫార్మసీ:

నమస్కారమండీ. గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రి ఫార్మసీ కౌంటర్ నుంచి అడుగుతున్నాను. మల్టిపుల్ మైలోమా (ఎముక మజ్జలో వచ్చే రక్తక్యాన్సర్) అని కొత్తగా తేలినవాళ్లు ఇంజెక్షన్ వేరేచోట చేయించుకుని మాత్రలకు మా దగ్గరికి వస్తున్నారు. వాళ్ల చేతికి తెలుగులో ఒక పేజీ కార్డు ఇద్దామని రాస్తున్నాను. ఉదాహరణకు ఒక చీటీ చూడండి, మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

వయసు 62, మగ, బరువు 58 కిలోలు, ఎత్తు 160 సెంటీమీటర్లు. హిమోగ్లోబిన్ 8.2, కాల్షియం 11.6, క్రియాటినిన్ 2.4. కప్పా లైట్ చెయిన్ మైలోమా, అంటే క్యాన్సర్ కణాలు లైట్ చెయిన్ అనే ప్రోటీన్ ముక్కల్ని రక్తంలోకి వదిలే రకం. షుగరుంది, మెట్‌ఫార్మిన్ ఆపేసి గ్లిమెపిరైడ్ ఒక్కటే ఉంచారు. చీటీలో ఉన్నవి: బోర్టెజోమిబ్ చర్మం కింద వారానికోసారి, సైక్లోఫాస్ఫమైడ్ 500 ఎంజీ వారానికోసారి, డెక్సామెథసోన్ 40 ఎంజీ వారానికోసారి, ఎసైక్లోవిర్ 400 రెండు పూటలా. అడుగున "రెండు సైకిల్స్ (మందుల విడతలు) తర్వాత లెనలిడోమైడ్" అని ఉంది.

అడగాల్సినవి ఇవి. వీఆర్‌డీ (బోర్టెజోమిబ్, లెనలిడోమైడ్, డెక్సామెథసోన్ మూడూ కలిపి ఇవ్వడం) అనేదే అసలు వైద్యం అని ఇంటివాళ్లు ఎక్కడో చదివి, లెనలిడోమైడ్ ఎందుకు ఇవ్వలేదు, మాకు తక్కువ రకం మందు రాశారా అని అడుగుతున్నారు. ఏం చెప్పాలి? డారటుముమాబ్ అనే ఇంకో మైలోమా మందు గురించి కూడా అడుగుతున్నారు. కార్డులో మాత్రల వరస ఎలా రాస్తే పొరపాటు పడరు? ఏ లక్షణం కనిపిస్తే మరుసటి వారం దాకా ఆగకుండా పరిగెత్తి రావాలి?

రక్తవ్యాధుల డాక్టరు, విజయవాడ:

ముందు లెనలిడోమైడ్ సంగతి. అది తక్కువ రకం వైద్యం కాదు, ఆ కిడ్నీలకు సరిపడే వైద్యం. మీరిచ్చిన అంకెలతోనే లెక్క కట్టి చూపించండి. 140లో వయసు తీసేస్తే 78. దాన్ని బరువు 58తో గుణిస్తే 4524. క్రియాటినిన్ 2.4ని 72తో గుణిస్తే 172.8. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 26. అంటే క్రియాటినిన్ క్లియరెన్స్ (కిడ్నీ రక్తాన్ని వడకట్టే వేగం) నిమిషానికి 26 ఎమ్మెల్. లెనలిడోమైడ్ చాలావరకు మూత్రంలోనే బయటికి పోవాలి. కిడ్నీ బాగున్నవాళ్లకి రోజుకి 25 ఎంజీ. క్లియరెన్స్ 30 నుంచి 60 మధ్య ఉంటే 10. 30 కంటే తగ్గితే రోజు మార్చి రోజు 15. డయాలసిస్ మీదుంటే రోజుకి 5, అదీ డయాలసిస్ అయ్యాక వేసుకోవాలి. మొదటి నెలలో కిడ్నీ ఒక్కచోట నిలవదు. ఈ వారం కట్టిన డోసు వచ్చే వారానికి ఎక్కువో తక్కువో అయిపోతుంది. ఎక్కువైతే ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు పడిపోయి, ఆగకూడని బోర్టెజోమిబ్ కూడా ఆపాల్సి వస్తుంది.

బోర్టెజోమిబ్‌కి కిడ్నీతో పేచీ లేదు, డయాలసిస్ మీదున్నా అదే డోసు. ఇక్కడ కిడ్నీని పాడుచేస్తున్నవి లైట్ చెయిన్లే. అవి కిడ్నీ గొట్టాల్లో గడ్డకట్టి దారి మూసేస్తాయి. వాటిని ఎంత త్వరగా దించితే కిడ్నీ తిరిగి కోలుకునే అవకాశం అంత ఎక్కువ. అందుకే బోర్టెజోమిబ్, సైక్లోఫాస్ఫమైడ్, డెక్సాతో మొదలుపెట్టి, క్రియాటినిన్ దిగాక సైక్లోఫాస్ఫమైడ్ తీసి లెనలిడోమైడ్ పెడతారు. చీటీ రాసినవారి ఆలోచన ఇదే, సరైనదే.

వీఆర్‌డీకి ఉన్న బలం నిజమే. లెనలిడోమైడ్, డెక్సాలకు బోర్టెజోమిబ్ కలిపితే రోగం అదుపులో ఉండే కాలమూ ఆయుష్షూ రెండూ పెరుగుతాయని ఎస్0777 ట్రయల్ 2017లో చూపించింది. దానికి నాలుగో మందుగా డారటుముమాబ్ కలిపిన పెర్సియస్ ట్రయల్ 2024లో అచ్చయింది. ట్రాన్స్‌ప్లాంట్‌కి (కిడ్నీది కాదు, మూలకణాల మార్పిడికి) తగినవాళ్లలో 4 ఏళ్లకి రోగం ముదరకుండా బతికున్నవారు నాలుగు మందుల వైపు 84.3 శాతం, మూడు మందుల వైపు 67.7 శాతం. ట్రాన్స్‌ప్లాంట్ చేయలేని పెద్దవయసు వారికి డారటుముమాబ్, లెనలిడోమైడ్, డెక్సా కలిపి ఇవ్వడానికి ఆధారం 2019లో వచ్చిన మాయా ట్రయల్. కాబట్టి డారటుముమాబ్ గురించి అడగడం తప్పు కాదు. డారటుముమాబ్‌కి కిడ్నీ డోసు తగ్గింపు కూడా లేదు. మన దగ్గర అడ్డం వచ్చేది ఖర్చు. 2025 సెప్టెంబర్ 22 నుంచి దాని మీద జీఎస్టీ పూర్తిగా తీసేశారు. అయినా చాలా కుటుంబాలకి మోయలేని బరువే. లెనలిడోమైడ్, బోర్టెజోమిబ్ రెండూ మన దేశపు జెనరిక్‌లు దొరుకుతాయి కాబట్టి ఆ ఇబ్బంది అంతగా లేదు. ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్లో ఏ మందుకి ప్యాకేజీ ఉంది, దేనికి లేదు అన్నది మొదటి రోజే అడిగించండి. మధ్యలో డబ్బు చాలక నాలుగు మందులు ఆపడం కంటే మూడు మందులు వరస తప్పకుండా పూర్తి చేయడమే మేలని నా అభిప్రాయం.

ఇంకొక మాట, ఇది తప్పక రాయండి. డెక్సా పడ్డ రెండు మూడు వారాల్లోనే నొప్పులు తగ్గుతాయి, ఆకలి పుడుతుంది. "నయమైపోయింది" అని అక్కడితో మానేస్తారు. నయం కాలేదు, అణిగింది అంతే. తగ్గిందో లేదో చెప్పేది ఫ్రీ లైట్ చెయిన్ పరీక్ష. అది ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించాలి. ఒక కంపెనీ కిట్‌తో వచ్చిన అంకెని ఇంకో కిట్ అంకెతో పోల్చకూడదు. గుంటూరులో ఒకసారి, బెజవాడలో ఒకసారి చేయించుకొస్తే పెరిగిందో తగ్గిందో చెప్పలేం.

మందుల షాపు, గవర్నరుపేట:

గుంటూరు ఫార్మసీ గారూ, మీ చీటీలో ప్రమాదం ఎక్కడుందో చూడండి. డెక్సా 4 ఎంజీ మాత్రలైతే 40 ఎంజీకి పది. సైక్లోఫాస్ఫమైడ్ 50 ఎంజీ మాత్రలైతే 500కి పది. ఇదీ పది, అదీ పది, రెండూ వారానికి ఒక్కరోజే. ఇంటికెళ్లాక చీటీ మీద "10" ఒక్కటే కనిపిస్తుంది, "వారానికి" అన్న మాట కనపడదు. రోజూ పది చొప్పున మింగితే సైక్లోఫాస్ఫమైడ్‌తో తెల్లకణాలు కుప్పకూలిపోతాయి, డెక్సాతో షుగరు నాలుగొందలు దాటుతుంది. రెండో పొరపాటు దీనికి తలకిందులు. షాపులో 4 ఎంజీ లేకపోతే అలవాటు కొద్దీ 0.5 ఎంజీ డెక్సా చేతిలో పెడతారు. పది మింగితే పడేది 5 ఎంజీ. 40 కావాలంటే 80 మాత్రలు మింగాలి.

కాబట్టి స్ట్రిప్పులు చేతికివ్వకండి. నాలుగు కాగితం కవర్లు కట్టండి. ఒక్కో కవర్లో ఆ ఒక్కరోజు మందే ఉండాలి, కత్తిరించిన స్ట్రిప్పు ముక్కలతో సహా. కవరు మీద తేదీ, వారం, "ఉదయం టిఫిను తర్వాత" అని రాయండి. ఇంజెక్షన్ రోజే మాత్రల రోజు కూడా అయితే మరిచిపోరు. 1, 8, 15, 22 రోజులు అని రాస్తే ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. సోమవారం అని రాయండి, పక్కన నాలుగు తేదీలూ వేయండి. ఎసైక్లోవిర్ ఒక్కటే రోజూ వేసుకునే మందు కనుక దాన్ని వేరే రంగు కవర్లో పెట్టండి.

రెండూ ఉదయమే ఎందుకో కూడా ఒక వాక్యం ఉండాలి. డెక్సా రాత్రి వేసుకుంటే నిద్ర పట్టదు. సైక్లోఫాస్ఫమైడ్ రాత్రి వేసుకుంటే అది మారిన పదార్థం తెల్లవార్లూ మూత్రాశయంలో నిలవుండి లోపలి పొరని ఒరుస్తుంది. పొద్దున వేసుకుని, నీళ్లు తాగి, మూత్రం ఆపుకోకుండా తిరగాలి. మూత్రం ఎర్రగా వస్తే వెంటనే చెప్పాలి.

కౌంటర్లో అమ్మకూడనివి కొన్ని ఉన్నాయి. ఎముకల జబ్బు అనగానే ఇంటివాళ్లే వచ్చి కాల్షియం మాత్రలు అడుగుతారు. ఈయనకి కాల్షియం 11.6 ఉంది. అది మామూలుకి దిగి, డాక్టరు రాసేదాకా కాల్షియం గానీ విటమిన్ డి సాచెట్ గానీ ఇవ్వకూడదు. విటమిన్ సి 500 చప్పరించే మాత్రలు, గ్రీన్ టీ బోర్టెజోమిబ్ పనిని దెబ్బతీస్తాయి కనుక మానాలి. పప్పులో పిండుకునే నిమ్మకాయకి ఆ భయం అక్కర్లేదు. రిఫాంపిసిన్ కూడా బోర్టెజోమిబ్‌ని నీరుగారుస్తుంది. టీబీ మందుల చీటీ వస్తే ఇవ్వకముందే ఇద్దరు డాక్టర్లకీ ఫోన్ చేయాలి. తిమ్మిర్లకని నెలల తరబడి పెద్ద డోసు బీ6 మాత్రలు అమ్మకండి. బీ6 మోతాదు మించితే అదే నరాల్ని దెబ్బతీస్తుంది.

డేకేర్ సిస్టర్, విజయవాడ:

బోర్టెజోమిబ్ ఇంజెక్షన్ వైపు నుంచి రాస్తున్నా. మీ పేషెంట్ ఒంటి వైశాల్యం 1.6 చదరపు మీటర్లు. డోసు చదరపు మీటరుకి 1.3 ఎంజీ కాబట్టి 1.3తో గుణిస్తే 2.08 ఎంజీ. డాక్టరు సమ్మతిస్తే దాన్ని 2 ఎంజీకి దించుతారు. తేడా 4 శాతమే, దానికోసం రెండో వయల్ విప్పక్కర్లేదు.

2 ఎంజీ వయల్‌ని చర్మం కింద ఇవ్వడానికి 0.8 ఎమ్మెల్ సెలైన్‌తో కలపాలి. నరంలోకి (రక్తనాళంలోకి) ఇచ్చేటప్పుడైతే 2 ఎమ్మెల్. తప్పు జరిగేది సరిగ్గా ఇక్కడే. ఒకరు పాత అలవాటుతో 2 ఎమ్మెల్ పోసి కలిపి పెడతారు, డ్యూటీ మారాక ఇంకొకరు 0.8 లాగి ఇస్తారు. పేషెంట్ ఒంట్లోకి పోయేది 0.8 ఎంజీ మాత్రమే. కలిపినవారే సిరంజి మీద ఎంజీ, ఎమ్మెల్, టైము మూడూ రాయాలి. కలిపాక 8 గంటల్లోపు, 25 డిగ్రీల గదిలో వాడేయాలి. మే నెలలో మన గదుల్లో ఏసీ ఆగితే 25 అన్నది మాటవరసకి కూడా ఉండదు, కాబట్టి పేషెంట్ కుర్చీలో కూర్చున్నాకే కలపడం మంచిది. పొట్ట మీద గానీ తొడ మీద గానీ ఇస్తాం. పోయినసారి పొడిచిన చోటికి అంగుళం దూరం ఉండాలి. చుట్టూ ఎర్రబడటం మామూలే, రెండు మూడు రోజుల్లో పోతుంది. ఏ రెండు డోసుల మధ్యా 72 గంటలు తగ్గకూడదు. ఒక వారం తప్పిపోయిందని మరుసటి వారం రెండుసార్లు అడిగేవాళ్లుంటారు, ఒప్పుకోకూడదు. వెన్నులోకి ఇచ్చే మందుల ట్రేలో ఈ సిరంజి ఎప్పుడూ ఉండకూడదు, వెన్నులోకి వెళితే ప్రాణం పోతుంది.

నరంలో కాకుండా చర్మం కింద ఎందుకని అడుగుతారు. నరాల తిమ్మిరి తగ్గించడానికి. 2011లో రెండు పద్ధతుల్నీ పోల్చి చూస్తే నరంలోకి ఇచ్చినవారిలో 53 శాతానికి, చర్మం కింద ఇచ్చినవారిలో 38 శాతానికి తిమ్మిర్లు వచ్చాయి. మందు పని మాత్రం సమానం. అయినా షుగరున్న మనిషికి నరాలు ముందే అంతంతమాత్రం. "తిమ్మిర్లున్నాయా" అని అడిగితే చాలామంది లేవనే అంటారు, ఇంజెక్షన్ ఆపేస్తారని భయం. అందుకే కార్డులో పనుల పేరుతో అడగండి: చొక్కా గుండీలు పెట్టుకోగలుగుతున్నారా? నడుస్తుంటే హవాయి చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియడం లేదా? రాత్రి దుప్పటి తగిలినా పాదాలు మండుతున్నాయా? వట్టి తిమ్మిరే అయితే అదే డోసు సాగుతుంది. తిమ్మిరితో పాటు నొప్పి ఉన్నా, గుండీ లాంటి పనులు కష్టమైనా డాక్టరు 1.3ని 1.0కి దించుతారు. నొప్పితో పాటు పనులూ కష్టమైతే ఆపేసి, తగ్గాక 0.7తో వారానికోసారి మళ్లీ మొదలుపెడతారు. ముందే చెబితే డోసు తగ్గుతుంది, దాస్తే మందే పోతుంది. ఈ మాట పెద్ద అక్షరాల్లో రాయండి.

మలబద్ధకం, లేచి నిలబడితే కళ్లు తిరగడం కూడా బోర్టెజోమిబ్ పనులే. బీపీ మాత్రలు వాడేవాళ్లకి పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసి ఇంజెక్షన్ ఇస్తాం. ప్లేట్‌లెట్లు 30 వేలకి దిగితే ఆ రోజు ఇవ్వం.

ఎసైక్లోవిర్ సర్పి రాకుండా వేసేది. ఒంటి మీద ఏమీ లేదు కదా అని ఇంట్లో మొదట ఆపేసేది దీన్నే.

కిడ్నీ డాక్టరు, గుంటూరు:

ఈ పేషెంట్‌కి మైలోమా మందు ఎంత ముఖ్యమో, నడుం నొప్పికి ఊళ్లో ఆర్‌ఎంపీ చేత డైక్లోఫెనాక్ సూది వేయించుకోకపోవడం అంత ముఖ్యం. ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ మాత్రలూ అంతే. లైట్ చెయిన్లతో సగం మూసుకుపోయిన కిడ్నీకి ఒక్క సూది చాలు. నొప్పికి పారాసిటమాల్, అది చాలకపోతే డాక్టరు రాసిన ట్రమడాల్. సీటీకి రంగు ఎక్కించాలన్నా, గ్యాస్ట్రో సమస్యకో జ్వరానికో జెంటామైసిన్, అమికాసిన్ లాంటివి రాసినా "మైలోమా ఉంది" అని కార్డు తీసి చూపించాలి.

నీళ్లు: ఒళ్లు, కాళ్లు వాచకుండా, గుండె బాగుండి, మూత్రం బాగా వస్తుంటే రోజుకి 3 లీటర్లు. ఒక లీటరు సీసా రోజుకి మూడుసార్లు ఖాళీ కావాలని రాయండి, గ్లాసులు లెక్కపెట్టలేరు. ఎండాకాలం మన దగ్గర చెమటకే లీటరు పోతుంది, ఒక్కరోజు విరోచనాలైనా క్రియాటినిన్ ఎగబాకుతుంది. ఆరోజే రక్తపరీక్ష చేయించాలి. మూత్రం తగ్గిందని తెలిస్తే మాత్రం ఈ 3 లీటర్ల లెక్క చెల్లదు, ఎంత తాగాలో డాక్టరే చెప్పాలి.

షుగరు ఎప్పుడు చూడాలో ఎవరూ రాయలేదు. డెక్సా పొద్దున వేసుకుంటే షుగరు మధ్యాహ్నం నుంచి ఎక్కి సాయంత్రానికి శిఖరం చేరుతుంది, మర్నాడు కూడా ఉంటుంది. పరగడుపు పరీక్ష మామూలుగానే కనిపించి మోసం చేస్తుంది. డెక్సా రోజూ, మర్నాడూ మధ్యాహ్న భోజనమైన రెండు గంటలకి, రాత్రి భోజనానికి ముందు చూడాలి. ఆ అంకె చూసి వారమంతా గ్లిమెపిరైడ్ పెంచితే గురువారం, శుక్రవారం తెల్లవారుజామున షుగరు పడిపోతుంది. క్లియరెన్స్ 26 ఉన్న మనిషికి గ్లిమెపిరైడే నాకు భయం. డెక్సా రోజుల్లో పొద్దున ఇన్సులిన్, మిగతా రోజుల్లో కిడ్నీకి ఇబ్బంది లేని మాత్ర అన్న పద్ధతికి మార్చమని చీటీ రాసినవారికి ఫోన్ చేసి అడగండి.

ఎముకలకి వేసే జోలెడ్రోనిక్ యాసిడ్ 4 ఎంజీ ఈ క్లియరెన్స్‌లో ఇవ్వరు. 30 దాటాక, తగ్గించిన డోసులో. ఆలోపే పళ్ల డాక్టరుకి చూపించి, పీకాల్సినవి ఇప్పుడే పీకించాలి. జోలెడ్రోనిక్ మొదలయ్యాక పన్ను పీకితే దవడ ఎముక మానకుండా బయటపడే ప్రమాదముంది. డెనోసుమాబ్ అయితే కిడ్నీ అడ్డం రాదు కానీ కాల్షియం ఒక్కసారిగా పడిపోవచ్చు, వారం వారం చూడాలి.

బ్లడ్ బ్యాంక్ టెక్నీషియన్:

డారటుముమాబ్ ఇస్తే గనక ఒక్క సంగతి. అది ఎర్రకణాల మీద ఉండే సీడీ38 అనే ప్రోటీన్‌కి కూడా అతుక్కుంటుంది. దాంతో క్రాస్‌మ్యాచ్‌లో (దాత రక్తం సరిపోతుందో చూసే పరీక్షలో) ఏ సీసా పెట్టినా సరిపోనట్టే చూపిస్తుంది. ఆఖరి డోసు తర్వాత ఆరు నెలల దాకా ఇలాగే ఉండొచ్చు. ఏబీఓ, ఆర్‌హెచ్ గ్రూపు మాత్రం మారదు. మొదటి డోసుకి ముందే గ్రూపు, యాంటీబాడీ స్క్రీన్, వీలైతే ఫీనోటైప్ (ఎర్రకణాల మీదున్న మిగతా గుర్తుల పరీక్ష) చేయించి ఆ కాగితం కార్డుకి పిన్ చేయండి. హిమోగ్లోబిన్ 8.2 ఉన్న మనిషికి రక్తం ఎక్కించే అవసరం ఎప్పుడైనా రావచ్చు. మందు పేరు బ్లడ్ బ్యాంక్‌కి చెబితే కణాల్ని డీటీటీ అనే రసాయనంతో శుద్ధి చేసి, కెల్ నెగెటివ్ (కెల్ అనే గుర్తు లేని) సీసా చూసి ఇస్తాం. చెప్పకపోతే గంటలు వృథా. హెపటైటిస్ బీ పరీక్ష కూడా మొదటి డోసుకి ముందే.

గుంటూరు ఫార్మసీ:

అందరికీ ధన్యవాదాలండీ. కవర్ల పద్ధతి రేపటి నుంచే. గ్లిమెపిరైడ్ గురించి ఫోన్ చేస్తాను. "వెంటనే రండి" గడిలో ఇలా రాశాను: జ్వరం 100.4 దాటితే, మూత్రం ఎర్రగా వచ్చినా తగ్గినా, ఒంటి మీద ఒకే పక్క నీటిపొక్కులు వరసగా లేస్తే. ఇంకేమైనా ఉందా? లెనలిడోమైడ్ మొదలయ్యాక రెండో కార్డు ఇవ్వాలి కదా?

రక్తవ్యాధుల డాక్టరు, విజయవాడ:

మూడు కలపండి. ఒకటి, నడుం నొప్పితో పాటు కాళ్లు బలహీనపడినా, మూత్రం బిగిసినా అదే రోజు ఎంఆర్‌ఐ కావాలి. వెన్నుపూస నలిగి నరాన్ని నొక్కుతోందని అర్థం, తెల్లారేదాకా ఆగితే నడక తిరిగి రాకపోవచ్చు. రెండు, విపరీతమైన దాహం, మగతగా ఉండటం, పొంతన లేని మాటలు. అది కాల్షియం పెరిగిన గుర్తు. మూడు, డెక్సా పడ్డ రోజుల్లో ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం కనపడదు. వణుకు, ఆయాసం, మనిషి డీలా పడిపోవడం ఉంటే థర్మామీటర్ ఏం చూపించినా రావాలి.

లెనలిడోమైడ్‌కి వేరే కార్డే ఇవ్వండి. 28 రోజుల సైకిల్‌లో 21 రోజులు వేసుకుని 7 రోజులు ఆపాలి. క్యాలెండర్‌లో ఆపే వారం అడ్డంగా కొట్టి ఇవ్వండి. ఆపడం మరిచిపోయేవాళ్లెంతమందో, ఆపాక మళ్లీ మొదలుపెట్టడం మరిచిపోయేవాళ్లూ అంతమంది. ఆలస్యం 12 గంటల్లోపైతే వేసుకోవచ్చు, దాటితే వదిలేయాలి, రెండు కలిపి వేసుకోకూడదు. క్యాప్సూల్ విప్పకూడదు. కడుపుతో ఉన్న కోడలో కూతురో ఇంట్లో ఉంటే వాళ్లు ముట్టుకోకూడదు, బిడ్డకి అవయవ లోపాలు తెచ్చే మందు ఇది. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ 75 దానితోపాటే మొదలవ్వాలి. ఇంతకుముందు కాల్లో గడ్డ కట్టినవాళ్లకి ఆస్పిరిన్ చాలదు, ఎనోక్సాపారిన్ లాంటిది కావాలి. ఒకే కాలు వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా వెంటనే రావాలని ఆ కార్డులో రాయండి.

ట్రాన్స్‌ప్లాంట్ ఆలోచన ఉంటే 4 సైకిల్స్ దగ్గర మూలకణాలు తీసేలా తేదీ ముందే అనుకోవాలి. లెనలిడోమైడ్ ఎక్కువకాలం వాడాక కణాలు సరిగా రావు. ఈయన వయసు 62, కిడ్నీ పూర్తిగా కోలుకోకపోయినా ట్రాన్స్‌ప్లాంట్‌కి ముందు ఇచ్చే మెల్ఫలాన్ డోసు 200 బదులు 140తో చేయొచ్చు. అందుకని "కిడ్నీ పాడైంది కాబట్టి ట్రాన్స్‌ప్లాంట్ లేదు" అని కౌంటర్లో ఎవరితోనూ అననివ్వకండి. కార్డు పైన రాత్రి పూట కూడా ఎత్తే ఫోన్ నంబరు ఒక్కటే వేయండి, అది వేసేముందు అర్ధరాత్రి ఒకసారి మీరే చేసి చూడండి.